మెదకు చర్చి: చెవికొఱకు కట్టిన కట్టడము



మా పెద్దపల్లి సీమలో రాతికి కఱవు లేదు. నాగలి దింపిన చోట రాయి, బావి త్రవ్విన చోట రాయి, ఊరు దాటిన గుట్ట. రామగిరి కోట గోడలు చూచినను, ధూళికట్ట బౌద్ధస్తూపపు శిథిలములు చూచినను, మా పూర్వులు రాతితో చేసిన సహవాసము తెలియును. అట్టి చోటివారము గనుక ఏ కట్టడము ముందు నిలిచినను మా చూపు మొదట రాతిపై పడును. వృత్తిచేత మేము మాటతోను ధ్వనితోను బ్రదుకువారము గనుక, లోపల అడుగు పెట్టిన వెంటనే ఒక్కసారి చప్పట్లు కొట్టి చెవియొగ్గుదుము. మొదటి చూపునకు రాయి ఎట్లు నిలిచినదో తెలియును. ఆ చప్పుడునకు గాలి ఎట్లు కదలునో తెలియును. ఈ రెండు అలవాట్లతో ఒకనాడు మెదకు చర్చికి పోతిమి. అక్కడ మాకు తోచిన సంగతులు నేడు మీతో ముచ్చటింతుము.

మెదకు చర్చిని ఇప్పుడందరును కెథీడ్రల్ అందురు. కెథీడ్రల్ అనగా బిషప్పుగారి పీఠమున్న ప్రధాన దేవాలయము. కాని దీనిని కట్టినవారికి ఆనాడు బిషప్పులే లేరు. వారు వెస్లియన్ మెథడిస్టులు. పందొమ్మిదవ శతాబ్దినాటికి ఇంగ్లండులో వీరిని నాన్‌కన్ఫర్మిస్టుల వరుసలో లెక్కించిరి. రాజు తలపెట్టిన సంఘమునకు ఒదుగక వేఱైనవారని ఆ మాటకు అర్థము. బిషప్పులు లేనివారు బిషప్పు దేవాలయము వంటి దానిని ఏల కట్టిరి? ఈ చిక్కుముడి విప్పవలెనన్న కొంతదూరము వెనుకకు పోవలెను.

1662లో ఇంగ్లండు పార్లమెంటు ఒక చట్టము చేసెను. సర్కారు ఒప్పుకొన్న ప్రార్థనా గ్రంథమునే అందఱును వాడవలెనని శాసించెను. ఒప్పుకొనని బోధకులు సుమారు రెండువేలమంది పదవులు పోగొట్టుకొనిరి. వారును వారి అనుచరులును ఇండ్లలో, కొట్టములలో, చెట్లక్రింద కూడుకొనిరి. 1689లో సహన చట్టము వచ్చిన తరువాతనే వారికి తమ మందిరములు కట్టుకొను స్వాతంత్ర్యము కలిగెను. ఈ మందిరములకు చాపెల్ అని పేరు. పశ్చిమమున నున్న వేల్సు దేశమున ఇవి ఊరూర వెలసెను. పందొమ్మిదవ శతాబ్దమున అక్కడి బొగ్గుగనుల లోయలలో ఒక్కొక్క వీధికి ఒక చాపెలు చొప్పున లేచెను. మా గోదావరిఖని వంటి ఊరిని తలచుకొన్నచో ఆ దృశ్యము మీ కన్నులకు కట్టును.

వేల్సు చాపెలు ముఖము సాదాగా నుండును. త్రికోణపు మట్టము, నడుమ తలుపు, ఇరువైపుల పొడవైన కిటికీలు. లోపల విగ్రహము లేదు, గర్భగుడి లేదు. అన్ని చూపులును ప్రసంగవేదిక మీదికే పోవును. ఆ వేదిక ఎత్తుగా నడుమ నుండును. దాని ముందట సంఘపు పెద్దలు కూర్చుండుటకు ఒక ప్రత్యేకస్థానము. దానిని వారి భాషలో పెద్దపీట అందురు. మూడువైపుల ఇనుప స్తంభములపై మేడవరుసలు. ఇట్లేల కట్టిరి? బోధకుని మాట కట్టకడపటి మనిషికి చేరవలెను. మనుష్యులను దూరముగా పఱచిన మాట చేరదు గనుక వారిని పైకి పేర్చిరి. మెథడిజమునకు మూలపురుషుడైన జాన్ వెస్లీ పదునెనిమిదవ శతాబ్దమున తన సంఘములకు ఎనిమిది మూలల మందిరములను మెచ్చుకొనెను. అదియు చెవికొఱకే. నడుమ నిలిచి మాటలాడిన ఎనిమిదివైపుల వారికిని దూరము ఇంచుమించు ఒకటియే.

కాని చెవి తృప్తిపడిన తరువాత కన్ను ఊరకుండదు. రేకుల కర్మాగారములలోను రాగి కొలుముల దగ్గరను పని చేసిన మోరిస్టన్ పట్టణపు జనులు 1872లో టాబర్నాకిల్ అను చాపెలు కట్టుకొనిరి. జాన్ హంఫ్రీ అను శిల్పి దానికి స్తంభములు, కమానులు పెట్టి, ఒక ప్రక్కగా సూదివంటి గోపురము నిలిపెను. లోపల మాత్రము అదే వేదిక, అవే మేడవరుసలు. దానిని జనులు నాన్‌కన్ఫర్మిస్టుల కెథీడ్రల్ అని ముద్దుపేరు పెట్టి పిలిచిరి. వెస్లియనులలోను ఇట్టి కోరికయే పుట్టెను. 1850లో జాబ్సన్ అను బోధకుడు ఒక పుస్తకము వ్రాసి, చాపెళ్ళకు సభాభవనముల వేషము తగదు, గాథిక్ శైలియే తగునని వాదించెను. మెదకు చర్చి పుట్టుక ఈ వాదములోనే కలదు.

చార్లెస్ వాకర్ పాస్నెట్ అను వెస్లియన్ బోధకుడు 1895లో సికిందరాబాదునకు వచ్చెను. మొదట తిరుమలగిరిలోని తెల్లసిపాయిల మధ్య పనిచేసెను. తరువాత పల్లెలవైపు మరలి మెదకు చేరెను. మెదకునకు మెతుకు అను పేరునుండియే ఆ పేరు వచ్చెనని మనవారు చెప్పుకొందురు. మెతుకుసీమ అనుట నేటికిని వాడుక. ఆ అన్నపు పేరుగల ఊరిలోనే, మొదటి ప్రపంచయుద్ధపు సంవత్సరములలో, కఱవుతో అల్లాడిన జనులకు పాస్నెట్ దొర చర్చి కట్టడమునే పనిగా కల్పించెను. 1914లో మొదలైన పని పదియేండ్లు సాగెను. రాయి మోసినవారికి, సున్నము నూఱినవారికి కూలి దొరకెను, పొయ్యి వెలిగెను. 1924 డిసెంబరు 25వ తేదీన, క్రిస్మసునాడు, చర్చిని ప్రతిష్ఠించిరి.

ఇది నిజాము రాజ్యమున, పాశ్చాత్యుల నమూనాతో, తెలుగు కూలీల చేతులతో లేచిన కట్టడము. నక్ష గీచినవారు ఇంగ్లండులోని బోల్టన్ నగరమునకు చెందిన బ్రాడ్‌షా, గాస్, హోప్ సంస్థవారు. వారిలో థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్ దీనికి శిల్పి. పైనుండి చూచిన ఆకారము సిలువ. సుమారు 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. గంటగోపురము సుమారు 175 అడుగుల ఎత్తు. అయిదువేలమంది ఒక్కసారి కూడుటకు చోటు కలదందురు.

గాథిక్ శైలికి ప్రాణము మొనదేలిన కమాను. గుండ్రని కమానులో మీది బరువు ప్రక్కలకు గట్టిగా త్రోయును. రెండు చేతులు ముందుకు చాచి వ్రేళ్ళ కొనలు కలిపి పైకెత్తి చూడుడు. చేతులు ఎంత నిట్టనిలువుగా నిలిచిన అంత తక్కువగా ప్రక్కలకు జాఱును. మొనకమాను పని అదియే. ప్రక్కకు త్రోయు బలము తగ్గును, ఎత్తు పెరుగును. మిగిలిన త్రోపును ఆపుటకు గోడలకు వెలుపల ఊతగోడలు కట్టుదురు. అందుచేత నడిమి గోడను పలుచగా చేసి పెద్ద కిటికీలు తెఱవవచ్చును. మెదకులో ఈ బరువంతయు బూడిదవన్నె గ్రానైటు స్తంభముల మీదికి దిగును. లోపలి మేడవరుసలను మోయునదియు అట్టి చెక్కిన రాయియే. గ్రానైటు చెక్కుట ఎంత కష్టమో మా కరీంనగరము, పెద్దపల్లి రాతిపనివారిని అడుగుడు. వరుసగా రంధ్రములు పొడిచి, ఇనుప చీలలు దిగగొట్టి, సమ్మెట దెబ్బ దెబ్బకు రాయి పలుకు మార్పు వినుచు చీల్చవలెను. చెవి లేనివాడు రాయి చీల్చలేడని మా పెద్దలు అందురు.

మేడవరుసలు కలవని ఇప్పుడే అంటిమి. శ్రోతలు ఈ మాట గుర్తుంచుకొనవలెను. పాతకాలపు గాథిక్ దేవాలయములలో ప్రసంగము వినుటకై మేడవరుసలు కట్టరు. ఇవి చాపెలు వారసత్వము. వెలుపల వేషము మధ్యయుగపు దేవాలయముది. లోపల ఎముకలు కొంతవఱకు వెస్లీ మందిరమువి.

ఇక రంగుటద్దముల సంగతి. పీఠము వెనుక క్రీస్తు ఆరోహణము, సిలువ భుజముల రెండింటను ఒకచోట జననము, మఱియొకచోట సిలువ మరణము. వీనిని చేసినవాడు లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. ఇతడును మెథడిస్టే. ఆరోహణపు కిటికీ 1927లో, జననపు కిటికీ 1947లో, సిలువ కిటికీ 1958లో అమరెను. అనగా ప్రతిష్ఠ జరిగిన ముప్పదినాలుగేండ్లకుగాని కట్టడము నిండుకొనలేదు. రంగుటద్దము చిత్రపటము వంటిది కాదు. రంగు గాజు ముక్కలను సీసపు పట్టీలతో కూర్చి నిలిపినది. వెలుపలి వెలుతురు దానిగుండా రావలెను. పగలు లోపలినుండి చూచిన నిప్పుకణికలవలె వెలుగును. రాత్రి లోపల ఎన్ని దీపములు పెట్టినను నల్లని గోడయే. సూర్యునితోడనే దాని బ్రదుకు.

ఇంతవఱకు కన్ను. ఇప్పుడు చెవి.

మేము నడిమి మండపమున నిలిచి ఒక్కసారి చప్పట్లు కొట్టితిమి. ఆ వేళ లోపల జనము లేరు. చప్పుడు స్తంభములను తాకి, పైకి పోయి, తిరిగి వచ్చి, మెల్లగా కరిగెను. రాయి ధ్వనిని మ్రింగదు, త్రిప్పి కొట్టును. ధ్వని సెకనుకు సుమారు 1,130 అడుగులు పోవును. 200 అడుగుల దూరము పోయి తిరిగి వచ్చుటకు సెకనులో మూడవవంతు పట్టును. ఆ వ్యవధిలో ప్రసంగకుడు మఱి రెండక్షరములు పలికియుండును. ముందటి అక్షరపు ప్రతిధ్వని వెనుకటి అక్షరముపై వచ్చి పడును. మాట మసకబాఱును.

మన తెలుగునకు ఇది మఱింత చిక్కు. మన భాషలో ఒత్తు అర్థమును మార్చును. కల వేఱు, కల్ల వేఱు. పలు వేఱు, పల్లు వేఱు. ఆ రెంటి నడుమ భేదము క్షణకాలపు నిలుపుదలలో కలదు. ప్రతిధ్వని ఆ నిలుపుదలను పూడ్చివేయును. అప్పుడు కలయు కల్లయు ఒక్కటే యగును. ధ్వనిగదిలో కూర్చుండి రోజును ఈ భేదమునకై పాటుపడు మాకు ఈ సంగతి చప్పున తట్టెను.

పాస్నెట్ సికిందరాబాదులో దిగిన ఆ 1895వ సంవత్సరముననే అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున వాలెస్ సాబిన్ అను యువ ఆచార్యుడు ఈ సమస్యను పట్టుకొనెను. అక్కడి ఉపన్యాసశాల ఒకదానిలో మాట అయిదు సెకనులకు పైగా మ్రోగుచుండెను. అతడు రాత్రివేళ మఱియొక శాలనుండి కూర్చుండు మెత్తలు తెప్పించి, వరుసగా పఱచి, మ్రోత ఎంత తగ్గునో కొలిచెను. తేలిన సూత్రము ఇది: గది ఎంత పెద్దదైన మ్రోత అంత నిలుచును, ధ్వనిని పీల్చు వస్తువు ఎంత ఎక్కువైన అంత త్వరగా అణగును. మెత్తలకంటె మేలుగా ధ్వనిని పీల్చునది మనుష్యుల గుంపు. వారి దేహములు, వారి నూలుబట్టలు. మాటకు ఒక సెకను మ్రోత చాలును. పాటకు అంతకు రెట్టింపు ఉండిన సొంపు.

మెదకులో మ్రోతను తగ్గించుటకు పైకప్పున బోలుగా నుండు పదార్థము వాడిరని చెప్పుదురు. నేడు ధ్వనివర్ధకములును కలవు. కాని సాబిన్ సూత్రము ప్రకారము ఈ చర్చికి సరియైన మందు జనమే. వేలమంది నేలపై క్రిక్కిఱిసి కూర్చున్న క్రిస్మసునాడు అదే కప్పు క్రింద మాట వేఱుగా వినిపించును. ఖాళీగానున్నప్పుడు అది రాతి గుహ. నిండినప్పుడు అది చాపెలు.

నేల అంటిమి. ఇది చిన్నమాట కాదు. ఈ నేలపై ఆఱు రంగుల నగిషీ పలకలు ఇంగ్లండునుండి తెప్పించి పఱచిరి. వేల్సు చాపెలులో బల్లలుండును. ఆ బల్లలకు కుటుంబముల వారీగా అద్దె వసూలు చేయుచుండిరి. అద్దె ఎక్కువ ఇచ్చినవానికి మంచి చోటు, పేదవానికి వెనుక మూల. మన తెలుగు పల్లెల చర్చిలలో చెప్పులు వెలుపల విడిచి, చాపపై పురుషులొకవైపు, స్త్రీలొకవైపు కూర్చుండుట అలవాటు. నేలకు అద్దె లేదు. ముందుగా వచ్చినవాడు ముందు కూర్చుండును.

ఆనాడు ఈ సంఘమున చేరినవారిలో పెక్కుమంది మాల, మాదిగ కుటుంబములవారు. ఊరి బావిలో నీరు తోడుకొన నీయని దినములవి. గుడి గడప ఎక్కనీయని దినములవి. అట్టివారు తమ చేతులతో నిలిపిన స్తంభముల నడుమ, రంగుపలకల నేలపై, ముందు వాకిటి గుండా నడచిపోయి కూర్చుండిరి. ఆ కట్టడపు ఎత్తును గూర్చి విమర్శకులు ఎన్నియైన అనవచ్చును. పేదసంఘమునకు ఇంత పెద్ద భవనమేల అని అడుగవచ్చును. ఆ ప్రశ్న మాకును కలిగినది. కాని తల వంచి బ్రదుకుమని తరతరములుగా చెప్పించుకొన్నవానికి, తలయెత్తి చూడవలసిన కప్పు ఒకటి తనదని తెలియుట ఎట్టిదో, ఆ లెక్క అడుగుల కొలతలో తేలదు.

మఱియొక ప్రశ్న కలదు. గాథిక్ మనది కాదు గదా! మన మండపములు, మన గోపురములు ఉండగా మొనకమానులేల? ఈ ప్రశ్నకు డోర్నకల్లులో మఱియొక సమాధానము కట్టి చూపిరి. 1912లో ఆంగ్లికన్ సంఘమున మొట్టమొదటి భారతీయ బిషప్పైన వేదనాయగం సామ్యూల్ అజరయ్యగారు అక్కడ కట్టించిన దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠితమయ్యెను. అందు మన మండపపు స్తంభములు కలవు, గుమ్మటములు కలవు. హిందూ శిల్పమును, ముస్లిం శిల్పమును ఒక్కచోట చేర్చి, ఈ నేలలోనే మొలచినట్లు నిలిపిరి. ఆశ్చర్యమేమనగా, బిషప్పులు గల ఆంగ్లికనులు తెలుగుసీమ శైలిని ఎన్నుకొనిరి; బిషప్పులు లేని మెథడిస్టులు ఇంగ్లండు శైలిని ఎన్నుకొనిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడి ఈ రెండు శాఖలును ఒకటయ్యెను. ఫ్రాంక్ విటేకర్ గారు మెదకునకు మొదటి బిషప్పు అయ్యెను. అప్పుడు ఆ చర్చి నిజముగా కెథీడ్రల్ అయ్యెను. మోరిస్టనులో ముద్దుపేరుగా మిగిలినది మెదకులో బిరుదై నిలిచెను.

మా మట్టుకు మేము డోర్నకల్లు సమాధానమునే మెచ్చుదుము. అయినను మెదకును పరాయిది అనలేము. నక్ష బోల్టనుది. రాయి మనది, చేయి మనది, ఆకలి మనది. క్రీస్తు పదకవి పురుషోత్తమ చౌదరి మొదలైనవారి తెలుగు కీర్తనలు ఆ కమానుల క్రింద మ్రోగినప్పుడు ఆ కమానులు తెలుగు నేర్చినవి.

ఇప్పుడు వేల్సులో ఎన్నో చాపెళ్ళు మూతపడినవి. కొన్ని ఇండ్లయ్యెను, కొన్ని గిడ్డంగులయ్యెను, కొన్ని కూలిపోయెను. వినువారు పోయిన పిదప వినుటకై కట్టిన ఇంటికి ఏమి మిగులును? మనకు ఆ బాధ లేదు. మనకున్న బాధ వేఱొకటి. మా పెద్దపల్లి వైపు పల్లెలలో పాతకాలపు చిన్న చర్చిలు కలవు. రాతిగోడ, డంగు సున్నము, పెంకుల కప్పు. కొన్నిచోట్ల గంటకు బదులు వ్రేలాడగట్టిన రైలు పట్టా ముక్క. సంఘము పెరిగినకొలది వీనిని పడగొట్టి సిమెంటు కప్పులు వేయుచున్నారు. చోటు చాలనప్పుడు పెంచుకొనుట తప్పుకాదు. కాని పెంకుల సందులు, కఱ్ఱ దూలములు కొంత ధ్వనిని పీల్చుకొనుచుండెను. నున్నని సిమెంటు అంతయు త్రిప్పి కొట్టును. అప్పుడు మాట వినబడదని పెద్ద ధ్వనివర్ధకము తెత్తురు. దానితో మ్రోత ఇంకను పెరుగును.

మఱియొక మాట. సున్నపు గోడకు పగులు వచ్చిన సున్నముతోనే పూడ్చవలెను. సున్నము గాలి పీల్చి లోపలి తేమను వెలికి పోనిచ్చును. పైన సిమెంటు పూసిన తేమ లోపలనే చిక్కి, రాయి నడుమ సున్నము పొడియై రాలును. మందు వేసితిమనుకొని రోగము పెంచినట్లగును. ఈ మాట చర్చికే కాదు, మన ఊరి గుడికిని, మసీదునకును, తాతల నాటి ఇంటికిని చెల్లును.

పడగొట్టక తప్పదన్నచో ఒక్కరోజు ఆగుడు. కొలతాడు తెచ్చి పొడవు, వెడల్పు, ఎత్తు వ్రాసి పెట్టుడు. నాలుగువైపుల ఫొటోలు తీయుడు. ఆ గోడ కట్టిననాడు రాయి మోసినవారి కథ వినియున్న అవ్వనో తాతనో పిలిచి, చేతిఫోనులోనైన వారి మాట పట్టియుంచుడు. గోడ పోయినను గొంతు నిలుచును. మేము గొంతును నమ్ముకొని బ్రదుకువారము గనుక ఈ మాట చెప్పుచున్నాము.

మెదకునకు పోయినప్పుడు మీరును నడిమి మండపమున క్షణకాలము మౌనముగా నిలువుడు. కిటికీ చూచి, గోపురము చూచి, ఫొటో తీసికొని మరలి రాకుడు. కన్నులు మూసికొని వినుడు. ఎవరో ఒకరు దూరమున చిన్నగా పలుకుచుందురు. ఆ పలుకు స్తంభమునకు స్తంభమునకు తాకి మీకడకు వచ్చును. ఆ కట్టడము దేనికొఱకు కట్టిరో అప్పుడు తెలియును.

సెలవు.